కూర్చుంటే వార్త కాదు

పోయిన వారం మీరు నన్ను వదిలింది రాఘవయ్య మండీ గేటు దగ్గర, అంబులెన్సు తలుపు మూసుకుంటూ ఉండగా. అక్కడిదాకా జరిగింది పెద్దగా ఏమీ లేదు. నా తోట బంగినపల్లి కాయ తూకానికి దించాను. మచ్చలున్నాయని, దెబ్బలున్నాయని, తరుగు పేరు చెప్పి రాఘవయ్య మనుషులు ఎప్పటిలాగే కొంత కాయ పక్కకు లాగారు. తూకంలోకి రాని కాయ అది. అయినా సాయంత్రం మిగతా కాయతోపాటే లారీ ఎక్కుతుంది. ఈసారి నేను ఒప్పుకోలేదు. కాయ ముందు తువ్వాలు పరిచి కూర్చున్నాను. కాసేపటికి జనంలో ఏదో కేక, లారీ హారన్లు. మొహాన నీళ్ళు పడ్డాయి. నలుగురు ఎత్తుకున్నారు.

"నేను పడలేదయ్యా," అన్నాను.

"పడినోళ్ళందరూ అదే అంటారు తాతా," అన్నాడు నా కాళ్ళు పట్టుకున్నవాడు.

తలుపు మూశారు.

ఆస్పత్రిలో ఒక రాత్రి ఉంచుకున్నారు. డాక్టరు కుర్రాడు మంచివాడే. ఎండదెబ్బ అని రాసి, చేతికి సెలైను పెట్టించి వెళ్ళాడు. ఏం జరిగిందని నన్ను అడగలేదు. పొద్దున పక్క మంచం ఆయనకి ఇంటి నుంచి ఇడ్లీ వచ్చింది. ఆయన భార్య నాకూ పెట్టి, "మీ వాళ్ళెవరూ రాలేదా అండీ?" అంది. వస్తారన్నాను. ఆమె గిన్నెలు కడగడానికి వెళ్ళినప్పుడు చెప్పులేసుకుని బయటకొచ్చేశాను.

హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సు కోసం నిలబడితే, కొట్టు ముందు దండెం మీద పేపర్లు వేలాడుతున్నాయి. జిల్లా పేజీ పైకి మడిచి ఉంది. అందులో నేనున్నాను. తల వంచుకుని ఉన్నాను. కింద తువ్వాలు కనపడలేదు, ముందు కాయ కనపడలేదు. పైన పెద్దక్షరాలు. నా బొమ్మ నేను నిలబడి చదవడానికి మొహమాటమేసింది. కొనుక్కుని చంకలో పెట్టుకున్నాను.

బస్సులో చిన్నరాయప్ప ఉన్నాడు. ముందురోజు మండీలో నా వెనక వరసలో కాయ పోసుకున్నవాడు. నన్ను చూడగానే సీట్లోంచి లేచాడు.

"కూర్చోండి పెద్దాయనా, కూర్చోండి. ఎలా ఉంది ఒంట్లో?"

"బానే ఉంది."

"ఇక మీకెందుకండీ ఈ మండీలు. తోట ఎవరికన్నా కౌలుకిచ్చేసి ఇంటిపట్టున ఉండండి." కమ్మీ పట్టుకుని నా మీదికి వంగి, గొంతు తగ్గించాడు. "నిన్న మీరు కూర్చుంటే నేనూ భుజం మీద తువ్వాలు తీశానండి. దేవుడి తోడు. ఇంతలో మీరు పడిపోయారు. ఏం చేస్తాం, మళ్ళీ భుజానేసుకున్నా."

పడలేదని చెప్పబోయాను. అప్పటికే కండక్టరు కూడా నావైపు జాలిగా చూస్తున్నాడు. కిటికీ వైపు తిరిగితే మండీ కనపడింది. నా కాయ పోసిన చోట ఎవరిదో కలెక్టరు రకం మామిడి పోసి ఉంది.

తోటకొచ్చి, గుడిసె ముందు మంచం వాల్చుకుని పేపరు విప్పాను. మూడో తరగతితో ఆగిన చదువు నాది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కలుపుకుంటూ పోవాలి.

'మామిడి మండీలో కుప్పకూలిన వృద్ధ రైతు.'

కుప్పకూలిన. ఆ మాట మీద వేలు ఆగిపోయింది. కింద వార్త చిన్నదే. ఎండ తీవ్రతకు దశరథరామయ్య అనే రైతు కుప్పకూలాడట. వ్యాపారి రాఘవయ్య వెంటనే స్పందించి ఆస్పత్రికి తరలించారట. తరుగు ఊసు లేదు.

తోటలో ఒక్కడే ఉండేవాడికి పేపరు ఒక పూటతో అయిపోదు. మిగతా పేజీలు తిప్పాను. మొదటి పేజీలో గాలివానకి ఎక్కడో కొత్త గోడౌను కుప్పకూలింది. ఆటల పేజీలో మనవాళ్ళ బ్యాటింగు కుప్పకూలింది. డబ్బుల పేజీలో షేర్లు కుప్పకూలాయి. సినిమా పేజీలో ఎవరిదో పెద్ద బొమ్మ రెండో రోజుకే కుప్పకూలింది. ఏదో దేశంలో ప్రభుత్వం కుప్పకూలింది. అందరం ఒకే రోజు కూలాం.

మళ్ళీ మొదటి నుంచి చదివాను. మాట ఒకటే గానీ ఒక్కో పేజీలో ఒక్కో గొంతుతో ఉంది. ఆటల పేజీలో వెటకారం, ఓడినవాళ్ళని టీకొట్టు దగ్గర ఆడిపోసుకునేవాళ్ళ గొంతు. డబ్బుల పేజీలో వాన పడిందని చెప్పినట్టు చెప్పారు, ఎవరి చేతా జరగనట్టు. సినిమా పేజీలో పక్కింటి పెళ్ళి చెడిపోయిందని చెప్పేవాడి సంబరం. గోడౌను దగ్గర భయం. ఇక ముసలాడు కూలితే జాలి. అన్నిటిలోకీ ఆ జాలే నాకు చెడ్డదిగా తోచింది. ఆటగాళ్ళు ఎల్లుండి మళ్ళీ ఆడతారు. షేర్లు లేస్తాయి, లేచాయని రాస్తారు. నేను లేచానని ఎవరు రాస్తారు?

ఇంకోటి కూడా కనపడింది. గోడౌను కూలిందన్నారు, కట్టినవాడి పేరు లేదు. ప్రభుత్వం కూలిందన్నారు, పడగొట్టినవాళ్ళు ఎక్కడో అడుగున ఉన్నారు. నేను కూలానన్నారు, తరుగు లేదు. ఆ ఒక్క మాట వేస్తే చాలు, తోసినవాడు తప్పుకుంటాడు.

ఊళ్ళో చాలామందికి ఆ పేపరు వస్తుంది. ఆ రోజంతా నా ఫోను మోగలేదు. పొద్దు వాలాక ఒకసారి మోగింది. రీఛార్జి చేయించుకోమని ఎవరో ఆడమనిషి గొంతు. చివరిదాకా విన్నాను.

మర్నాడు ఎండెక్కుతుండగా స్కూటీ చప్పుడు. హెల్మెట్టు తీయకుండానే ఒక అమ్మాయి లోపలికి నడిచొచ్చింది.

"దశరథరామయ్య గారి తోట ఇదేనాండీ?"

"ఇదే."

"మీరేనా తాతగారూ?"

"నేనే."

"అమ్మయ్య! పడుకుని ఉంటారనుకుంటూ వచ్చా. నా పేరు కీర్తిప్రియండి. మీ వార్త రాసింది నేనే."

ఏదో శుభవార్తలా చెప్పింది. ఉంగుటూరు అమ్మాయి. బాపులపాడు నుంచి నూజివీడు దాకా ఆ పేపరుకి వార్తలు పంపేది తనేనట. సంచిలోంచి గ్లూకోజు ప్యాకెట్టు తీసి మంచం మీద పెట్టింది.

"ఫాలో అప్ అడిగారండి మా వాళ్ళు. కోలుకున్న రైతు అని. ఆ చెట్టు కింద నిలబడి కాస్త నవ్వారంటే ఫొటో తీసుకుని వెళ్ళిపోతా."

"నిలబడను."

"నీరసంగా ఉందా అండి?"

"లేదు. అసలు నేను పడలేదు."

నవ్వింది. "అలాగేనండి. మా తాతయ్య కూడా బాత్రూంలో జారిపడి, నేల కడిగారా లేదా చూస్తున్నా అన్నాడు."

నాకూ నవ్వొచ్చింది. బయటపెట్టలేదు. పేపరు తీసి ఆ మాట మీద వేలు పెట్టాను.

"ఇది నువ్వు రాశావా అమ్మా?"

వంగి చూసింది. "హెడ్డింగు నాది కాదండి. నేను సొమ్మసిల్లి పడిపోయిన అని పంపా. చోటు పట్టలేదని ఆఫీసు డెస్కులో చార్లెస్ గారు మార్చారు."

"ఆటల పేజీ కూడా ఆయనేనా?"

"అదెందుకండీ?"

పేజీలు తిప్పుతూ ఒక్కో చోట వేలు పెట్టి చూపించాను. మొదట అర్థం కాలేదు. తర్వాత పకపకా నవ్వింది. "బాబోయ్, పేపరు పేపరంతా పడిపోయిందే! ఒక్కో పేజీకి ఒక్కొక్కరు ఉంటారు తాతగారూ. ఒకళ్ళది ఒకళ్ళు చూసుకోరు. టైముకి పేజీ వదలాలి, చేతికేది అందితే అది. మా అమ్మ పోపులడబ్బా వంక చూడకుండా ఆవాలు తీస్తుంది, అలాగ."

"పాయసంలో వేయదుగా."

నవ్వు ఆగింది. "వేయదండి," అంది. మంచం చివర కూర్చుంది. "సరే, అయితే ఏం జరిగింది?"

"కూర్చున్నాను."

"కళ్ళు తిరిగి కూర్చుండిపోయారా?"

"కాదు. తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను."

తెల్లమొహం వేసింది. "మాది వరి ఊరండి. మిల్లు, బస్తా, అంతే. మామిడి సంగతులు నాకు తెలీవు."

చెప్పాల్సి వచ్చింది. మా నాన్న నాటి పద్ధతి అది. తూకం అన్యాయంగా ఉంటే రైతు కాయ ముందు తువ్వాలు పరిచి కూర్చుంటాడు. నోరు విప్పకూడదు, లేవకూడదు. కూర్చున్నంతసేపూ ఆ కాయ ఎవరూ ముట్టకూడదు. వ్యాపారే వచ్చి ఎదురుగా నిలబడి, ఏంటి సంగతి అని అడగాలి. పక్కన ఇంకో రైతు కూర్చుంటే అది ఇద్దరి మాట. వరసగా కూర్చుంటే మండీ మాట. నాన్న కూర్చోగా నేను చూశాను. ఆ తర్వాత ఎవరూ కూర్చోలేదు. కాయ తీసుకునేవాడు ఒక్కడే అయినప్పుడు వాడి ముందు కూర్చోవడం కష్టం.

అంత మాట్లాడి చాలా కాలమైంది. దాహమేసింది. కుండలో నీళ్ళు తాగి, ఆ అమ్మాయికీ ఇచ్చాను.

"మరి ఫొటోలో తల వేలాడేశారేంటండీ?"

"ఎండ మొహాన కొడుతుంటే ఎత్తుకుని కూర్చోమంటావా?"

సగం తాగి గ్లాసు చేతిలోనే పట్టుకుంది. "ఒకటి చెప్తా, కోప్పడకండి తాతగారూ. కూర్చుంటే వార్త కాదండి. పడితేనే వార్త. మామిడి రైతు కూర్చున్నాడు అని పంపాననుకోండి, చార్లెస్ గారు ఫోన్ చేసి, లేచాక చెప్పమ్మా అంటారు."

పేపరు మడిచి పక్కన పెట్టాను.

"సవరణ వేయించమంటే అడుగుతా. లోపలి పేజీలో, టెండర్ నోటీసుల పక్కన, ఇంత వస్తుంది." చిటికెన వేలి గోరు చూపించింది.

"నేను పడటం నువ్వు చూశావా?"

"ఆ టైముకి జంక్షన్‌లో లారీ బోల్తా కొడితే అక్కడున్నానండి. మీది వాట్సాప్‌లో వచ్చింది."

"ఎవరు పంపారు?"

"అది చెప్పకూడదండి. ఒకళ్ళ పేరు చెబితే రేపు ఇంకెవరూ పంపరు."

ఊరుకున్నాను. నా భార్య పుష్పవతి బతికున్న రోజుల్లో, 'మీరు మాట్లాడకుండా కూర్చుని ఎదుటి మనిషి చేత అన్నీ కక్కిస్తారు' అని తిట్టేది. కావాలని చేసేది కాదు. నాకు మాటలు దొరకవు. ఈ అమ్మాయి మాత్రం అటు చూసింది, ఇటు చూసింది, గ్లాసు కింద పెట్టింది.

"పేరు చెప్పను. వీడియో చూపిస్తే చెప్పినట్టు కాదుగా. దాంట్లోంచే ఫొటో తీసి పంపా. పూర్తిగా నేనూ చూడలేదు."

ఫోను నా మొహం ముందు పెట్టింది. నా వీపు కనపడింది. తువ్వాలు అంచు, అవతల కాయ. నిటారుగానే కూర్చుని ఉన్నాను. బొమ్మ పక్కకు జరిగి నా మొహం వైపు వచ్చింది. తల వంచాను. ఎవరూ పడలేదు. అప్పుడు ఫోనుకి బాగా దగ్గరగా ఒక గొంతు.

"పడిపోయాడు! అయ్యో, మా బావ పడిపోయాడు! నీళ్ళు, నీళ్ళు తేండి! పట్టుకోండి!"

"కూర్చునే ఉన్నారు," అంది కీర్తిప్రియ మెల్లగా. "మీరు కూర్చునే ఉన్నారు తాతగారూ."

మళ్ళీ పెట్టమన్నాను. బొమ్మ చూడటానికి కాదు. నాకు తోబుట్టువులు లేరు. పిల్లలు పుట్టలేదు. పుష్పవతికి ఒక్కడే తమ్ముడు. ఈ భూమ్మీద నన్ను బావా అని పిలిచే మనిషి వాడొక్కడే. సుభాష్. గట్టు దాటితే వాడి తోట. మండీకి వెళ్ళే ముందురోజు ఇదే మంచం మీద కూర్చుని, "నువ్వు కూర్చో బావా, నీ పక్కన నేను. మనిద్దరం కూర్చుంటే ఊరు ఊరంతా కూర్చుంటుంది," అన్నవాడు.

"మీ బావమరిదా అండీ ఆయన?"

నా మొహం చూసి తెలుసుకున్నట్టుంది. లేచి నిలబడింది. గొంతు మారింది.

"ఇది వార్త. ఇప్పుడిది వార్త అండి. కూర్చున్న రైతుని కూలాడన్నారు. వీడియో ఉంది, మీరున్నారు. రాఘవయ్య గారి తరుగు, ఈయన కేక, పేర్లతో సహా రాస్తా. చార్లెస్ గారు కాదనలేరు. మీరు ఊఁ అనండి చాలు. సాయంత్రంలోపు పంపాలి."

ఊఁ అంటే నేను పడలేదని జిల్లా అంతా చదువుతుంది. చిన్నరాయప్ప మళ్ళీ తువ్వాలు తీయవచ్చు. సుభాష్ పేరు కూడా జిల్లా అంతా చదువుతుంది. ఆ తర్వాత నన్ను బావా అనే మనిషి ఉండడు.

ఊఁ అనే మాట నోటి దాకా వచ్చింది. ఇంతలో గట్టు మీద మోటారు సైకిలు ఆగింది. సుభాషే. చేతిలో క్యారేజీ.

"ఏంటి బావా, ఆస్పత్రి నుంచి ఒక్కడివే వచ్చేశావంట! ఒక్క ఫోన్ కొడితే బండేసుకుని రానా? నిన్నంతా కోతలో ఉన్నా, లేకపోతే వచ్చేవాణ్ణే. ఇదిగో, రోజా పప్పుమామిడికాయ చేసింది, వేడిగా తినెయ్." అప్పుడు ఆ అమ్మాయిని చూశాడు. "నువ్వెవరమ్మా? మా బావని ఎక్కువ మాట్లాడించమాక. మొన్నే పడిపోయాడు."

గొంతు వినగానే కీర్తిప్రియ నా వంక చూసింది. వాళ్ళకి ఫోన్లో తప్ప మొహాలు తెలియవు.

"సుభాషూ," అన్నాను. "నేను పడ్డానా?"

క్యారేజీ మంచం మీద పెడుతున్నవాడు అలాగే ఆగాడు. "అదేంటి బావా. పడ్డావుగా."

"ఈ అమ్మాయి ఫోన్లో నీ గొంతుంది."

ఆ అమ్మాయినీ, ఫోనునీ చూశాడు. అప్పుడు తోట వైపు తిరిగి నిలబడ్డాడు. మాకు వాడి వీపే కనపడింది.

"రాఘవయ్య ఏమన్నా ఇచ్చాడా?"

"లేదు. ఏమీ లేదు. మా అక్క మీద ఒట్టు." పక్కనున్న కొమ్మ పట్టుకున్నాడు. "నువ్వు కూర్చున్నావు. అందరూ నావైపు చూశారు బావా. రాఘవయ్య కూడా చూశాడు, వీడేం చేస్తాడా అని. నాకు కాళ్ళు వంగలేదు. ఫోను తీసి వీడియో తీస్తున్నట్టు నిలబడ్డా. నువ్వు తల వంచావు. నువ్వు కూర్చుంటే నేనూ కూర్చోవాలి. నువ్వు పడిపోతే కూర్చోనక్కర్లేదు, నిన్ను పట్టుకుంటే చాలు. నోట్లోంచి వచ్చేసింది. అరిచాక తెలిసింది, అరిచింది నేనేనని."

"పేపరుకెందుకు పంపావు?"

ఇటు తిరక్కుండానే చెప్పాడు. "పేపర్లో వస్తే నిజంగానే పడ్డట్టు అవుద్ది కదా అని."

చెట్ల మీద చిలకలు గోల చేస్తున్నాయి. తోలేవాళ్ళు లేరు. కీర్తిప్రియ నేల చూస్తూ నిలబడింది. ఆమె ఫోను మోగింది.

"చెప్పండి సార్... ఆయన తోటలోనే ఉన్నా సార్... ఇప్పుడా?" వింటున్నకొద్దీ మొహం వాడిపోయింది. ఫోను పెట్టేసి నా దగ్గరికొచ్చింది. "రాఘవయ్య గారు బయల్దేరారంటండి. మీకు శాలువా కప్పడానికి. ఫొటో నన్నే తీయమంటున్నారు. రేపటి పేజీలో చోటు కూడా పెట్టేశారంట."

"హెడ్డింగు?"

చెప్పడానికి ఇబ్బంది పడింది. "కుప్పకూలిన రైతుకు కొండంత అండ."

చెప్తుండగానే తోట దారిలో దుమ్ము లేచింది. తెల్ల కారు. సుభాష్ గబగబా ఇటు తిరిగాడు.

"బావా, లే. లేచి చొక్కా వేసుకో. శాలువా కప్పించుకుని ఒక్క నవ్వు నవ్వు, ఇక్కడితో అయిపోద్ది. అందరికీ మంచిది. మళ్ళీ రసాలు దించాల్సింది ఆయన దగ్గరికే కదా."

"మీరేం చెబితే అదే రాస్తా తాతగారూ," అంది కీర్తిప్రియ. "ఏమీ చెప్పకపోతే మాత్రం, ఆ హెడ్డింగే వస్తుంది."

మంచం మీద నుంచి దిగాను. లేస్తున్నాననుకుని సుభాష్ చెయ్యి అందించాడు. పట్టుకోలేదు. మంచం పక్కనే ఎండుటాకుల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

కారు ఆగింది. రాఘవయ్య దిగాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. వెనక ఒకడు కవరులో శాలువా పట్టుకుని. రాఘవయ్య నవ్వుతూ నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఏంటి దశరథరామయ్య గారూ, కింద కూర్చున్నారు? మళ్ళీ కళ్ళు తిరిగాయా?"

నోరు విప్పలేదు. తల మాత్రం ఎత్తే ఉంచాను. ఎండ సూటిగా కళ్ళలో పడుతోంది.

నవ్వు కొంచెం తగ్గింది. నన్ను దాటి నా వెనక్కి చూశాడు. "సుభాషూ, మీ బావగారిని లేపవయ్యా."

కీర్తిప్రియ ఫోను పైకెత్తింది. తీస్తోంది.

నా వెనక ఎండుటాకులు నలిగాయి. సుభాష్ మోకాళ్ళు పటుక్కుమన్నాయి. నన్ను లేపడానికి వంగుతున్నాడో, కూర్చుంటున్నాడో తెలియలేదు. తిరిగి చూడలేదు. భుజం మీద చెయ్యి వేస్తాడేమోనని కాచుకుని ఉన్నాను. ఇంకా వెయ్యలేదు.